నానేసిన పొర

“నిజం చెప్పు ఆశన్నా, ఈ గిన్నెల ఏం నీళ్లు పోసినవ్?”

అంజలి గొంతు ల్యాబంతా వినబడింది. కామారెడ్డి కాలేజీలో ఆశన్న అటెండరు. ఆమెకు తండ్రి వయసువాడు. ఏనాడూ చిన్న మాట అనని పిల్ల ఇవాళ వేలెత్తి చూపేసరికి, పాపం, కొయ్యబారిపోయాడు.

“డిస్టిల్డ్ డబ్బా నీళ్లే అమ్మా.”

“మరి గిట్లెందుకైంది?”

ఆమె కడుపుమంట ఊరికే వచ్చింది కాదు. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్‌లో నడుమ ఒక పలచటి పొర ఉంటుంది. హైడ్రోజన్ అయాన్లు అందులోంచి సాఫీగా అవతలికి దాటాలి. ఏడాది తంటాలు పడి అంజలి అలాంటి పొర తయారు చేసింది. ఎండిపోకుండా డిస్టిల్డ్ నీళ్లలో నానేసి పెట్టుకుంది. నిన్న పొద్దున కొలిస్తే దాని నిరోధం భేషుగ్గా తక్కువ. ఇవాళ అయిదింతలు! ఇంకో గంటలో హైదరాబాద్ నుంచి పరీక్షించేవాళ్లు దిగుతారు. పొర పనిచేస్తేనే ఆమె పరిశోధన సాగుతుంది. లేదంటే మూటాముల్లె సర్దుకుని ఎల్లారెడ్డి దగ్గరి తండాకు పోవుడే.

“పరాయి అయాన్లు జొరబడ్డయి. హైడ్రోజన్ దాటే జాగలన్ని పట్టుకొని కూసున్నయి. బోరు నీళ్లల్ల లవణాలు తగిలితేనే గిట్లయితది. యాసిడ్ల ఉడికిచ్చి కడిగితే బాగయితది గని, ఇప్పుడు టైమేది?” ఏడుపు తన్నుకొచ్చింది. “పోసినవా, లేదా?”

ఆశన్న గిన్నె వంక చూశాడు. ఏదో చెప్పబోయి, భుజమ్మీది తువ్వాల సర్దుకున్నాడు.

“పోసిన అమ్మా. డబ్బా అయిపోతే బోరు నల్లా నీళ్లు పోసిన.”

“నా బతుకు ఆగం జేసినవ్ గదన్నా!”

అరుపులకు ఆమె గైడు ప్రొఫెసర్ అబ్రాహాము పరుగున వచ్చారు. సంగతి విని మండిపడ్డారు. “రేపటి సంది ల్యాబ్‌కు రాకు. పో!”

ఆశన్న తువ్వాలతో మొహం తుడుచుకుని బయటికి నడిచాడు. తగిన శాస్తే జరిగిందనుకుంది అంజలి. కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు.

అంతలో తండా నుంచి తల్లి చాంది ఫోను.

“బిడ్డా, పరీక్షోళ్లు వచ్చిండ్రా? అంత మంచిగున్నదా?”

“ఏం మంచి యాడీ! అంత ఆగమైంది.”

“అట్లెట్లయితది? నిన్న నీకు రొట్టెలు తెచ్చినప్పుడు, నువ్వు సారు దగ్గరికి పోయినవ్ జూడు, గప్పుడే నీ పొరకు దిష్టి తీసిన. అందరి కండ్లు దాని మీదనే పడ్డయి గదా! ఆ ఆశన్న వద్దు వద్దనవట్టె. నేనింటనా? పిడికెడు ఉప్పు దాని సుట్టు తిప్పి, అది నానేసిన నీళ్లల్లనే ఏసిన. దిష్టి ఉప్పు పారబోస్తే ఉల్టా అయితదని, నీకు చెప్తే పారబోస్తవని, చెప్పకుండ ఆయనతోని నీ మీదనే ఒట్టేయించుకున్న బిడ్డా!”