ఖాళీ పెట్టె

"ఒకే రకం శాలువా మూడు ఇళ్లకా?" అంది గిఫ్ట్ కంపెనీలో అందరూ ప్యాకింగ్ అక్క అని పిలిచే ఆవిడ.

"మా ఆవిడ అలిగి వెళ్లిపోయింది. ముగ్గురు అక్కల్లో ఎవరింట్లో ఉందో చెప్పడం లేదు. చలికాలం కదా. తన చేతికే ఇవ్వమనండి," అన్నాడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఆయన.

"ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి," అంటూ అక్క రిబ్బను కట్టింది.

సాయంత్రం డెలివరీ బాబాయ్ తిరిగొచ్చేదాకా ఆయన స్టూలు మీంచి లేవలేదు.

"మూడో ఇంట్లో ఉందండీ. ఆమే తీసుకుంది," అన్నాడు బాబాయ్ సంబరంగా.

"తలుపు తీసిందా?"

"ముందు గొలుసు తియ్యకుండానే సందులోంచి చెయ్యి చాపింది. అంత పెట్టె అందులో పడుతుందా? అప్పుడు తీసింది."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరి అలికిడీ లేదండీ."

శాలువా నచ్చిందా అని ఆయన ఒక్కమాటైనా అడగలేదు. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని మొదలుపెట్టిన పని ఇదేనా అనిపించింది అక్కకు.

ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. "అలాంటి పెట్టె ఇంకొకటి ఇవ్వండి. ఖాళీదైనా పర్లేదు. నేనే తీసుకెళ్తాను."

అక్క చేతులు గల్లామీద ఆనించి నిలబడింది. ఆయన ఎదుటే అంది:

"బాబాయ్, ఆ ఇంటికి ఫోన్ చెయ్యి. మన పెట్టె పట్టుకుని ఎవరొచ్చినా గొలుసు తియ్యొద్దని చెప్పు."