ఎల్లమ్మ ఒప్పుకోని పొత్తు

"మేకపోతు నాది. షరతు గూడ నాదే," అంది రజని, చేతిలో తాడు వదలకుండా.

టేకుమట్ల అవతల పత్తి చేల నడుమ ఎల్లమ్మ గుడి. దాని ముందు రజని మొగుడు నగేష్, అతని ఇద్దరు దోస్తులు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డారు. నగేష్‌ది సెల్‌ఫోన్ల దుకాణం. కుమార్‌ది ఎరువుల కొట్టు, అభిలాష్ ప్రైవేటు బడిలో సారు. ముగ్గురూ ఒకే కంపెనీ షేర్లు కొన్నారు. నెట్ లేకపోయినా ఫోన్లో, కెమెరాలో అక్కడికక్కడే ఆలోచించే ఏఐ చిప్‌లు చేస్తుందట ఆ కంపెనీ. దానికీ ఓ పెద్ద విదేశీ ఫోన్ల కంపెనీకీ పొత్తు కుదురుతోందని వీళ్ల వాట్సాప్ గ్రూపు నెల రోజులుగా ఊగిపోతోంది. నగేష్ అయితే అర్ధరాత్రి దాకా ఆ గ్రూపులోనే ఉండి, పొద్దెక్కాక గానీ లేవడం లేదు. పొత్తు కుదరాలని ఇంట్లో మేకపోతును నెల కిందటే ఎల్లమ్మకు మొక్కేశాడు. పెంచిన మనిషిని ఒక్క మాట అడగలేదు.

పిండి గిర్ని పెట్టుకుందామని రజని కూడబెట్టిన డబ్బులో సగం అప్పటికే ఆ చిప్‌ల పాలైంది. మిగిలిన సగం ఇవాళ పెట్టేయాలని నగేష్ పట్టు. రోడ్డు పక్క గదిలో గిర్ని కోసం బిగించిన కరెంటు మీటరు ఊరికే గోడ మీద వేలాడుతోంది.

"ఏంది వదినా షరతు?" అన్నాడు కుమార్.

"పసుపు నీళ్లు చల్లినంక మేకపోతు ఒళ్లు ఇదిలించాలె. గప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే మిగిలిన పైసలు నేనే తెచ్చి చేతుల పెడ్త. ఒప్పుకోకపోతే ఉన్న షేర్లన్నీ గీడనే, గిప్పుడే అమ్మాలె. గుడి గడప ముట్టి ఒట్టు వెట్టమను మీ అన్నను."

నగేష్‌కు నవ్వొచ్చింది. నీళ్లు పడితే ఒళ్లు విదిలించని మేక ఎక్కడైనా ఉంటుందా? వంగి గడప ముట్టి ఒట్టు పెట్టేశాడు.

"అసలు పొత్తు ఉన్నదని ఎవలు చెప్పిన్రు?" అడిగింది రజని.

"కంపెనీనే పొత్తు లేదన్నది," అన్నాడు అభిలాష్ హుషారుగా.

"లేదంటే లేనట్టే గదా?"

"లేదన్నదంటే ఉన్నట్టే వదినా! ఏం లేకపోతే లేదని చెప్పే పనేంది?"

"ఏమనకపోతే?"

"దాస్తున్నట్టు."

"గా కంపెనీ ఎండీ, ఫోన్ల కంపెనీ పెద్దసారు ఒక్క విమానంల దిగిన్రు. ఫొటో గూడ ఉన్నది," అని నగేష్ ఫోన్ చూపించబోయాడు.

"నేను, మీ చెల్లె ఒక్క ఆటోల దిగుతం. మా ఇద్దరికి ఏనాడన్న పొత్తు కుదిరిందా?"

నగేష్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

గుడి చూసుకునే ఉప్పలయ్య తాత చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి మేకపోతు వీపు మీద పోశాడు. అది కదల్లేదు. ఇంకో చెంబు పోశాడు. మెడలో కట్టిన వేపాకు దండను తాపీగా నమలడం మొదలుపెట్టింది. కుమార్ దాని చెవిలో ఊదాడు. అభిలాష్ మూతి మీద నీళ్లు చిలకరించాడు. నగేష్ పరుగున వెళ్లి చేను బోరు దగ్గర బిందె నింపుకొచ్చి నెత్తి మీద కుమ్మరించాడు. అత్తారింట్లో కొత్త అల్లుడిలా అది దర్జాగా నిలబడి, మిగిలిన వేపాకు కూడా తినేసింది.

"రోగమేమో దీనికి!" అన్నాడు నగేష్.

"రోగమొస్తే గిట్ల మేస్తదా?" అంది రజని.

ఉప్పలయ్య కత్తి పక్కన పెట్టేశాడు. "తల్లికి ఇష్టం లేదు బిడ్డా. నేను ముట్ట."

"కోసేద్దాం తాతా, తల్లికేం తెలుస్తది?" అన్నాడు కుమార్.

రజనికి ఒళ్లు మండిపోయింది. "తల్లికేం తెల్వకపోతే పొత్తు సంగతి తల్లినెందుకు అడగవస్తిరి?"

నగేష్ ఖాళీ బిందె అందుకున్నాడు. "ఇంకొక్క బిందె పోసి చూస్త."

"పోయ్. బోరు ఎండేదాక పోయ్. గని మార్కెట్ మూడున్నరకే బందు. గడప ముట్టినవ్, యాదుంచుకో."

నగేష్ గడప వైపు చూశాడు, ఉప్పలయ్య ముఖం చూశాడు. ఎల్లమ్మ మీద పెట్టిన ఒట్టు తప్పే ధైర్యం అతనికి లేదు. బిందె కింద పెట్టి, ఫోన్ తీసి, ఏడుపు ముఖంతో షేర్లన్నీ అమ్మేశాడు.

"రేపు పొత్తు కుదిరి ధర ఆకాశానికి పోతే నీ ముఖం ఏడ వెట్టుకుంటవే?"

"గిర్ని కాడ వెట్టుకుంట. పెరిగితే పెరగనీ, కూలితే కూలనీ! ఎవలెవలో పొత్తులు కలుస్తరని నా గిర్ని ఎందుకు ఆగాలె? రేపే భూపాలపల్లి పోయి మిషన్ బేరం చేస్త. వస్తే రా, రాకుంటే నేనే పోత."

తాడు పట్టుకుని వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. మేకపోతు తోకాడించుకుంటూ వెంట నడిచింది.

వాకిట్లోకి రాగానే తలుపు దగ్గరగా వేసి, పాత చీరతో దాని వీపు మీది పసుపు తుడిచింది. మెడ చుట్టూ చేతులు వేసి చెవిలో మెల్లగా అంది:

"మీ నాయిన నిద్రలేవకముందే నెల సంది దినాం బిందెడు నీళ్లు కుమ్మరించి, నీకు ఒళ్లు ఇదిలించుడే మర్పిచ్చిన గదరా! ఇగ రేపటి సంది నీకు తానం బందు."