ఎముక అతికిందా?

ఎక్స్‌రేలో స్క్రూల చుట్టూ సన్నటి నల్లగీత కనిపించింది.

"కింది స్క్రూలు రెండూ వదులైనట్టున్నాయి. సీటీ స్కాన్ తీయించుకొని రండి. అవసరమైతే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు" అన్నాడు నరసరావుపేట డాక్టరు.

జ్ఞానమ్మకు ఆ 'మళ్లీ' తప్ప ఇంకేమీ వినిపించలేదు.

రెంటచింతల బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి ఆమె. పది నెలల కింద నడుం దగ్గర రెండు వెన్నుపూసల్ని స్క్రూలూ రాడ్లూ వేసి కలిపారు. అప్పటినుంచీ ఆమె బదులు ఆడబిడ్డ వండుతోంది. వేసవి సెలవులయ్యి బడి తెరిచే నాటికి తిరిగి పనిలోకి పోవాలని జ్ఞానమ్మ ఆశ.

నాలుగు రోజులుగా అన్నం సహించలేదు. దగ్గితే స్క్రూ కదిలిందేమోనని భయం. వంగితే ఊడిందేమోనని భయం. తోడొస్తానన్న మొగుణ్ని పని చెడగొట్టుకోవద్దని ఆపి, నడుముకు బెల్టు బిగించుకొని ఒక్కతే తొలి బస్సెక్కింది.

ఇప్పుడు సీటీ ఫిల్ము ఒళ్లో పెట్టుకొని ఆసుపత్రి హాల్లో కూర్చుంది. ఆమె టోకెన్ ముప్పై ఒకటి. లోపలికి ఇంకా పదకొండోదే వెళ్లింది.

పక్కన ఒక పెద్దాయన గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. నెరిసిన గడ్డం, నెత్తిన టోపీ. ఆమె సంచి జరిపి చోటిచ్చినా, పర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏందమ్మా, నడుమేనా?" అన్నాడు.

తల ఊపింది.

"స్క్రూలు వేశారా?"

"వేశారు. వదులైనయ్యంట."

ముక్కూ మొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పానా అనుకుంది.

"మరి ఎముక అతికిందా?"

తెలియదంది. స్క్రూలే ఊడొస్తుంటే ఎముక గొడవ ఎవరిక్కావాలి?

ఆయన ఊరుకోలేదు. తనది గురజాల అనీ, ముప్పయ్యేళ్లు సెంట్రింగ్ మేస్త్రీగా చేశాననీ చెప్పుకొచ్చాడు.

"స్లాబు పోసినాక కింద కర్రలు ఎన్నాళ్లుంచుతాం? అది గట్టిపడిందాకే. ఆ తర్వాత కర్ర వదులైతే ఏంది, ఊడితే ఏంది? స్క్రూ కూడా అంతేనమ్మా. డాక్టరు గారిని ముందు ఎముక సంగతి అడుగు."

జ్ఞానమ్మకు ఒళ్లు మండింది.

"చెప్పడానికేం, నోటి పనేగా. నడుం నొప్పంటే ఏందో మీకేం తెలుసు?"

హాల్లో నలుగురూ తిరిగి చూశారు.

పెద్దాయన నొచ్చుకున్నట్టు లేదు. ఆమె రెండు చేతులా గట్టిగా పట్టుకున్న ఫిల్ము కవరు వంక చూశాడు. జేబులోంచి తన టోకెన్ తీశాడు.

"నాది పన్నెండు. నువ్వు పో అమ్మా ముందు. ఇంత భయం పెట్టుకొని ఎంతసేపని కూర్చుంటావు? నాకేం తొందర లేదు."

ఈయనకేం లాభమోనని అనుమానం వచ్చింది. అయినా చెయ్యి ఆగలేదు. ఆయన టోకెన్ తీసుకొని తనది ఆయన చేతిలో పెట్టింది. అంతలోనే పిలుపొచ్చింది.

డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి ఒక్కో బొమ్మా చూస్తున్నాడు. అడగాలనుకున్నవన్నీ మరిచిపోయింది. నోటికొచ్చింది ఒక్కటే.

"ఎముక అతికిందా సార్?"

డాక్టరు తలెత్తి చూశాడు. అడగాల్సింది అదేనన్నాడు.

అతికిందట. రెండు పూసల మధ్యా కొత్త ఎముక గట్టిగా కట్టుకుందట. నొప్పి పెరగడం లేదు కాబట్టి ఆ స్క్రూల జోలికి ఇప్పుడు పోనక్కర్లేదట. ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీసి చూద్దామన్నాడు. వంట చేసుకోవచ్చు గానీ, గుండిగలు ఎత్తే పని మాత్రం ఇంకొకరికి వదిలేయమన్నాడు.

జ్ఞానమ్మ చీరకొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. పెద్దాయనకు ముందు ఈ కబురు చెప్పాలి. ఆ తర్వాత, అన్న మాటకు ఏమనుకోవద్దని అడగాలి.

గోడ దగ్గర ఎవరూ లేరు. హాలు సగం ఖాళీ అయింది.

టోకెన్లు పిలిచే నర్సు సలోమిని అడిగింది. డాక్టరు గారికి అర్జంటుగా ఆపరేషన్ పడిందని, ఇరవై దాటిన టోకెన్ల వాళ్లను రేపు రమ్మని పంపేశామంది సలోమి.

జ్ఞానమ్మ గోడ వైపు చెయ్యి చూపింది.

"అక్కడ నిలబడ్డాడే, గడ్డం ఆయన..."

"అలీ సాహెబా? ఆయన చేతిలోనూ ముప్పై ఒకటే ఉంది. మాట్లాడకుండా బస్టాండుకు పోయాడు."

సలోమి గొంతు తగ్గించింది.

"నీకు చేసిన ఆపరేషనే ఆయనకు రెండుసార్లు చేశారక్కా. రెండుసార్లూ స్క్రూలు విరిగినయ్. ఆయనకు ఎముక ఇప్పటికీ అతకలేదు."