వేలితో తోస్తే జారాలి

"సుత్తి కింద పెట్టు బాబూ."

మేస్త్రి తలెత్తి చూశాడు. షెడ్డు గుమ్మంలో చీపురు పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. రేసు ట్రాకు ఊడ్చే మనిషి.

మేస్త్రి మళ్ళీ చక్రం మీదికి వంగాడు. పట్టుమని ఇరవై నిమిషాల టైము లేదు, మధ్యలో ఈ చీపురాయన సలహాలొకటి.

కారు నడిపేది తమ్ముడు, బాగుచేసేది అన్న మేస్త్రి. కారుతో వచ్చిన బ్రేకులు రేసుకు చాలవని, ప్యాడ్లను పట్టి నొక్కే పెద్ద క్యాలిపర్లు బయట కొని మేస్త్రే బిగించాడు. ఇవాళ వాటిలోకి కొత్త రేసింగ్ బ్రేకు ప్యాడ్లు ఎక్కించాలి. పది గంటలకు ఒక పెద్ద టీము మేనేజరు వాచీ పట్టుకుని కూర్చుంటాడు. టైము నచ్చితే తమ్ముడికి టీములో సీటు. నచ్చకపోతే మళ్ళీ డెలివరీ వ్యానే గతి.

మూడు చక్రాలకు ప్యాడ్లు బుద్ధిగా దిగాయి. కుడివైపు ముందు చక్రం దగ్గరే పేచీ. ఆ ప్యాడు వెంట్రుకవాసి వెడల్పు ఎక్కువ. క్యాలిపర్ గాడిలో సగం దిగి మొండికేసింది.

మేస్త్రి సుత్తితో ఇంకో దెబ్బ వేశాడు. టక్కున దిగింది.

"చూశావా, దిగింది."

"అది దిగడం కాదు బాబూ, ఇరుక్కోవడం."

"కొత్తది కదా, బిగుతుగానే ఉంటుంది."

"ప్యాడు వేలితో తోస్తే జారాలి. చల్లగా ఉన్నప్పుడే ఇంత బిగుతైతే, వేడెక్కాక అస్సలు కదలదు. కాలు తీసినా బ్రేకు వదలదు. అలా రాసుకుని రాసుకుని బ్రేకు ఆయిలు మరుగుతుంది. ఇక అప్పుడు పెడలు తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే."

"నువ్వెన్ని కార్లకు వేశావేంటి తాతా?"

ముసలాయన జేబులోంచి అరిగిపోయిన ఆకురాయి తీసి చేయి చాచాడు.

"అంచు మీద పెయింటు పోయేదాకా నాలుగు సార్లు గీస్తే చాలు. పది నిమిషాల పని. కావాలంటే నేను గీసిస్తాను."

ట్రాకు ఊడ్చేవాడి జేబులో ఆకురాయి ఎందుకుందన్న అనుమానం ఎవరికైనా రావాలి. మేస్త్రికి రాలేదు.

తమ్ముడు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఏమంటున్నాడు అన్నయ్యా తాత?"

"కందకు లేని దురద కత్తిపీటకు పుట్టింది. అంతే."

"పోనీ, ఒకసారి తీసి గీసెయ్యరాదూ?"

"మేస్త్రిని నేనా, ఆయనా?"

తమ్ముడు నవ్వేశాడు. "నువ్వే లే. నువ్వు చేశాక ఇంక చూసేదేముంది!"

ముసలాయన చీపురు గోడకు ఆనించి రెండడుగులు లోపలికి వచ్చాడు. "నీకు దణ్ణం పెడతాను బాబూ. ఇవాళ పంపకు."

"బయల్దేరేటప్పుడు అపశకునం మాటలా? నడు, నడు ముందు!"

మేస్త్రి ఆయన భుజం పట్టి బయటికి తోశాడు. పోతూ పోతూ ఆయన ఆకురాయిని టూల్‌బాక్సు మీద పెట్టి వెళ్ళాడు.

మొదటి మూడు రౌండ్లూ అద్భుతం. మేనేజరు వాచీ చూసి తలాడించాడు. మేస్త్రికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాలుగో రౌండులో కుడి ముందు చక్రం దగ్గర సన్నగా పొగ లేచింది.

కొత్త ప్యాడ్లకు మొదట్లో పొగ వస్తుందిలే అనుకున్నాడు మేస్త్రి.

అంతలో ఎవరో కేకలు పెడుతూ జెండా మనిషి వైపు పరుగెత్తారు. ముసలాయనే. "ఆపండి! కారు ఆపమనండి!" చేతిలో చీపురు అడ్డదిడ్డంగా ఊపుతున్నాడు. ఎవరో నవ్వారు కూడా.

తిన్నటి దారి చివర మలుపు దగ్గర కారు వేగం తగ్గలేదు.

గోడకు కొట్టుకుని మంటలంటుకున్న కారు దగ్గరికి అందరికంటే ముందు చేరింది ఆయనే. కాలుతున్న తలుపును వట్టి చేతులతో లాగి తమ్ముణ్ణి బయటికి తీసిందీ ఆయనే. అంబులెన్సు వచ్చేదాకా వాడి తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రి వైపు తలెత్తి చూడలేదు.

మూడో రోజు పొద్దున తమ్ముడు పోయాడు.

పదిహేను రోజులకు మేస్త్రి ఆ కారును విప్పాడు. మూడు చక్రాల ప్యాడ్లు వేలితో లాగితే వచ్చాయి. నాలుగోది కదల్లేదు. సుత్తితో దిగిందాన్ని సుత్తితోనే ఊడగొట్టాడు. ఊడగొట్టి, ఆ నేల మీదే కూలబడి ఏడ్చాడు.

మర్నాడు ఆకురాయి తీసుకుని ట్రాకు దగ్గరికి వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు.

"ఇక్కడ ఊడ్చే తాత ఏడీ?"

"మానేశాడయ్యా. ఆ రోజే చీపురు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు."

"ఇది ఆయనది. ఇచ్చి, కాళ్ళ మీద పడదామని వచ్చాను."

వాచ్‌మన్ ఆకురాయి అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పన్నెండేళ్ళు దీన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. వచ్చిన ప్రతి కారు దగ్గరా ఆగేవాడు, వంగి చక్రాలు చూసేవాడు. పిచ్చివాడనుకునేవాళ్ళు."

"అసలెవరాయన?"

"ఒకప్పుడు ఈ ట్రాకు మీద ఆయన్ను మించిన మేస్త్రి లేడయ్యా," అని వాచ్‌మన్ ఆకురాయిని తిరిగి మేస్త్రి చేతిలోనే పెట్టాడు. "ఆయన కొడుకు కూడా ఆ మలుపులోనే పోయాడు. ఆ రోజు టైము లేదని ప్యాడును సుత్తితో కొట్టి దింపింది ఆయనే."