నాలుగు మైకుల పరీక్ష

సోమవారం మా ఆవిడ గొంతుకు ఆపరేషన్. మాట తిరిగి రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఈలోగా ఆమె పాట ఒక్కటైనా దాచుకుందామని నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు కొన్నాను; నాలుగుసార్లు విడివిడిగా పట్టినదాన్ని ఒకేసారి కలిపి వినిపిస్తుంది.

దానికి తగ్గ మైకు కావాలి కదా! నాబోటి మేధావి తొందరపడతాడా? తెలిసినవాళ్ళనడిగి నాలుగు మైకులు తెచ్చి, పోల్చి చూడ్డానికి ఒక్కోదానికి ఒక్కో ట్రాకు కేటాయించాను. ఒకటి మనిషి గొంతుకంటే ఫ్యాను హోరునే శ్రద్ధగా వింటుంది. ఇంకోటి మింగేంత దగ్గర పెట్టుకుంటేగాని పలకదు.

"హలో, వన్, టూ, త్రీ..."

"ఏమండీ, దాచుకునేది నా పాటా, మీ ఎక్కాలా?"

"ఉండవే, ఇది శాస్త్రం."

"నా గొంతుండగా తేలుతుందా మీ శాస్త్రం? ఆ మూడోది చాలు, కానివ్వండి!"

వారం రోజులూ ఇదే వరస. శాస్త్రం తేలకుండానే సోమవారం వచ్చేసింది. డాక్టరు మాటే నిజమైంది.

నెల తర్వాత ఆ క్యాసెట్ పెట్టాను. పాట లేదు. నాలుగు ట్రాకుల్లోంచీ మా ఆవిడ నలుగురై ఒకేసారి నన్ను తిట్టింది. ఇంట్లో ఎన్నాళ్ళకు ఆ సందడి! కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను.

పక్కనే ఉన్న మా ఆవిడ పలక అందుకుని, రాసి చూపించింది.

"మూడోదే బాగుంది. అప్పుడే మొత్తుకున్నాను, విన్నారా?"