తోకలేని పాట

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పితే దిద్దుకొని చదవండి. ఈ ఒక్క కాగితానికే మూడు మధ్యాహ్నాలు పట్టింది.

“లైటు గాదు, లైట్! నైటు గాదు, నైట్! ప్రతి మాటకు తోక తగిలిస్తున్నవ్. సగం లైనుకే దమ్ము అయిపోతున్నది. రేపు పొద్దటికి సరిచేసుకోకుంటే కరీంనగర్ పోటీల ఈ ఇంగ్లిష్ పాట వేరే పిల్ల పాడుతది,” అంది పద్మలత మేడమ్.

దీపిక ఏడుపు దిగమింగుకొని, బడి నుంచి నేరుగా సాంచల షెడ్డుకు పోయింది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. ఇరవై సాంచలు నడుస్తుంటే అక్కడ ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. దీపిక తల్లి బాలలక్ష్మి పదిహేనేళ్లుగా అక్కడ కండెలకు నూలు చుడుతోంది.

“అవ్వా, నా పాట తీసేస్తరట!”

“నా దిక్కు తిరిగి చెప్పు బిడ్డా.”

దీపిక అంతా చెప్పింది.

“మేడమ్ పాడి పంపిన వీడియో పెట్టు.” బాలలక్ష్మి ఫోన్‌లోకి రెండుసార్లు కన్నార్పకుండా చూసింది.

“నీకు ఇంగ్లిష్ ఏమెరుక అవ్వా?”

“ఇంగ్లిష్ ఎవలిక్కావాలె? మాట అయిపోంగనే మేడమ్ పెదవులు ఊకుంటున్నయి. నువ్వు సున్న తీర్గ చుడుతున్నవ్. గాలి గుంజేటప్పుడు ఆమె భుజాలు కదుల్తలేవు. నీయి చెవులదాక లేస్తున్నయి. పాడు, జూస్త.”

దీపిక గంటసేపు పాడింది. తప్పినచోటల్లా బాలలక్ష్మి చెయ్యెత్తి ఆపింది. పక్క సాంచ నడిపే అంతయ్య నవ్వి, “ఏందే పోరీ, లండన్‌ల కచేరీనా?” అని పెదవులాడించాడు.

ఆఖరికి ఆ చెయ్యి లేవలేదు.

“గట్లనే ఇంకొక్కసారి పాడు బిడ్డా!”

అప్పుడే కరెంటు పోయింది. సాంచలన్నీ ఆగిపోయాయి. బయట రోడ్డు మీద ఉల్లిగడ్డల బండాయన కేక లోపలిదాకా వచ్చింది. బాలలక్ష్మి అటు తిరిగి, చిక్కుపడ్డ నూలు విప్పసాగింది.

దీపిక ఆమె వెనక నిలబడి గొంతెత్తింది. తన పాట తనకే మొదటిసారి తేటగా వినబడింది. ఏ మాటకూ తోక లేదు. ఎక్కడా దమ్ము తెగలేదు. పాట అయిపోగానే అంతయ్య చప్పట్లు కొట్టాడు.

“ఎట్లున్నదవ్వా?”

బాలలక్ష్మి నూలు విప్పుతూనే ఉంది.

“అవ్వా!”

బాలలక్ష్మి చిక్కు విప్పి, నూలు పక్కన పెట్టి, తీరిగ్గా ఇటు తిరిగింది.

“ఏందే బిడ్డా, ఇంకా షురూ చెయ్యలే?”

— గాజుల రామవ్వ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఉండేది జమ్మికుంట.