మళ్లీ మొదటి మెట్టే

"కుట్టుపనే రాసుకోమంటారా అమ్మా?" సాయంత్రపు బడి కౌంటరు వెనక నుంచి గుమస్తా అడిగాడు.

వంటావిడ తలూపింది.

నిజానికి ఆవిడకి కుట్టుపనితో పనే లేదు. వచ్చింది అక్షరాల కోసం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకున్న వరుసని చూసి మళ్లీ గొంతులోకి దిగిపోయింది. అందరూ కుర్రాళ్లే. కంప్యూటరుకొకడు, అకౌంట్లకొకడు, కరెంటు పనికొకడు. వాళ్ల ముందు, ఈ వయసులో, "నాకు అఆలు నేర్పండి" అని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

ఆసుపత్రి వంటింట్లో ఆవిడది పాత చెయ్యి. ఏ రోగికి ఏ పళ్లెం వెళ్లాలో చెప్పే చీటీలు మొన్నటిదాకా రంగుల్లో వచ్చేవి. ఎర్రదైతే ఉప్పు లేనిది, పచ్చదైతే చక్కెర లేనిది. రంగు చూసి వడ్డించేది. ఒక్కరికీ పళ్లెం తారుమారు కాలేదు. కొత్త మేనేజరు వచ్చి అచ్చు మిషను పెట్టించాడు. ఇప్పుడన్నీ తెల్ల చీటీలే. అన్నిటి మీదా చీమల బార్లే.

"చదువుకోవడానికి చేరినట్టు కాగితం తెస్తే పొయ్యి దగ్గరే ఉంచుతాను. లేకపోతే అంట్ల తొట్టి దగ్గరికి పోవాల్సిందే" అన్నాడు మేనేజరు.

చన్నీళ్లలో నిలబడితే ఆవిడ మోకాళ్లు వారం కూడా ఆగవు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అయినా కుట్టుపనికే తలూపింది. సిగ్గు ముందు మోకాళ్లు కూడా ఓడిపోయాయి.

గుమస్తా రాయబోతుంటే, గోడవారన బల్ల మీద కూర్చున్న ఒకావిడ లేచి వచ్చింది. పాత శాలువా. కళ్ల కింద నలుపు. నడకలో బడలిక.

"నాదీ రాసుకో నాయనా. మొదటి మెట్టు."

మొదటి మెట్టంటే అక్షరాల క్లాసు. గుమస్తా కలం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"మళ్లీ మొదటి మెట్టేనా? పోయినేడూ అదే, అంతకు ముందూ అదే. గోడకి చెప్పినా ఈపాటికి ఒత్తులతో సహా వచ్చేసేవి."

వరుసలో నవ్వులు లేచాయి.

"ఒళ్లు అలిసిపోతోంది నాయనా. వచ్చింది వచ్చినట్టే జారిపోతోంది" అంది శాలువా ఆవిడ, నేల చూస్తూ.

"జారిపోయేదాన్ని పట్టుకుని వేలాడ్డం ఎందుకు? ఈ వయసులో చదివి ఎవర్ని ఉద్ధరించాలి? ఇంట్లో కూర్చుని మనవల్ని ఆడించుకో."

ఆ మాట శాలువా ఆవిడకి తగిలిందో లేదో గానీ, వంటావిడకి మాత్రం సూదిలా దిగింది. పొద్దుట్నుంచి పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషి. మాట్లాడే ఓపిక కూడా లేదు. అయినా మాట దానంతటదే వచ్చేసింది.

"ఏం బాబూ, ఇంట్లో మీ అమ్మతో కూడా ఇలాగే మాట్లాడతావా?"

గుమస్తా చెవులు ఎర్రబడ్డాయి. "మీరు కుట్టు కదమ్మా. మీకెందుకు మధ్యలో?"

"కుట్టు కొట్టెయ్. నాకూ అక్షరాలు రావు. నన్నూ మొదటి మెట్టులోనే రాసుకో. ఈవిడ పక్కనే కూర్చుంటాను. ఎవడు నవ్వుతాడో నవ్వమను."

ఎవడూ నవ్వలేదు. ఒక కుర్రాడైతే పక్కకి జరిగి దారి కూడా ఇచ్చాడు.

ఆ సాయంత్రమే క్లాసు మొదలైంది. చెప్పేది ఇంకా పెళ్లీడు కూడా దాటని పంతులమ్మ. బోర్డు మీద 'అ' రాసి, అందరి చేతా గాలిలో వేలితో రాయించి, శాలువా ఆవిడని పిలిచింది. సుద్దముక్క పట్టుకుని ఆవిడ రాసింది. అటు పోవాల్సిన వంపు ఇటు పోయింది. పంతులమ్మ గదమాయించబోయి నీళ్లు నమిలింది.

వెనక బెంచీలోంచి వంటావిడ లేచింది.

"అలా కాదక్కా. ఇలా ఇయ్యి." సుద్దముక్క లాక్కుంది. "గరిటె తిప్పినట్టు తిప్పాలి. అంచు దాకా తీసుకెళ్లి, ఒలక్కుండా వెనక్కి తేవాలి. చూడు."

బోర్డు మీద నిండుగా ఒక 'అ' నిలబడింది. అది తన చేత్తోనే రాసిందన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు. శాలువా ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్లీ దిద్దించింది.

"నీకు ఎంత త్వరగా వచ్చేసింది చెల్లీ" అంది శాలువా ఆవిడ.

"రాకపోవడానికి అదేమన్నా బ్రహ్మవిద్యా? నువ్వు భయపడుతున్నావ్, అంతే."

క్లాసు అయ్యాక చేరినట్టు కాగితం తీసుకుని వంటావిడ జాగ్రత్తగా సంచీలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"రేపు మానేస్తావేమో. చూస్కో మరి. నువ్వు మానేస్తే ఆ కౌంటరువాడు గెలిచినట్టే. నువ్వొస్తేనే నేనూ వస్తాను."

"వస్తాలే. నువ్వు తోడుంటే ఎందుకు రాను?"

వంటావిడ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది. శాలువా ఆవిడ బెంచీ మీద కూలబడి కళ్లు మూసుకుంది. గది ఖాళీ అయిందాకా చూసి, గుమస్తా లోపలికొచ్చి చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"అక్షరాలడగడానికి సిగ్గుపడేవాళ్లు రేపు ఇంకో ఇద్దరొచ్చేలా ఉన్నారండీ, మిమ్మల్ని తిట్టే పని ఈసారైనా వేరేవాళ్లకి అప్పజెప్పండి, ప్రిన్సిపాల్ గారూ."